డబ్బు మిగల్లేదు సార్, పని మిగిలింది

నెల్లూరు నుంచి ముత్తుకూరు పోయే దారిలో రొయ్యల కోల్డ్ స్టోరేజీ ఒకటి కడుతున్న రోజులవి. నేను ఆ కంపెనీ అకౌంట్స్ చూసేవాణ్ణి. మే నెలలో పని మొదలైంది. ఆగస్టు చివర్లో సైటులోనే, రేకుల షెడ్డు కింద రివ్యూ పెట్టారు. నా వంతు రాగానే కాగితం తీసి చదివాను. ఈపాటికి కోటీ 60 లక్షలు ఖర్చవుతుందని బడ్జెట్, అయింది కోటీ 50, అంటే పది లక్షలు మిగిలాయి అన్నాను. ఓనరు గారు తృప్తిగా తల ఊపారు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డ మేస్త్రి మాత్రం ఎవరూ అడక్కుండానే నోరు తెరిచాడు. "డబ్బు మిగల్లేదు సార్, పని మిగిలింది."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మీటింగు అయ్యాక ఆయన వెంట సైటంతా తిరిగాను. పునాదులు, వాటి మీద గోడల కింద వేసే ప్లింత్ బీము అయ్యాయి. స్తంభాలు సగమే లేచాయి, వాటి నెత్తిన చువ్వలు అప్పుడే తుప్పు రంగు పట్టి ఉన్నాయి. ప్రాసెసింగ్ హాలు శ్లాబుకి ఆ వారమే సెంట్రింగ్ మొదలుకావాలి, సామాను ఇంకా దిగనే లేదు. ఆయన చూపించిందంతా రాత్రి ఇంటికెళ్లి లెక్కలో పెట్టాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మొత్తం అంచనా 4 కోట్లు, గడువు 10 నెలలు. నాలుగు నెలలకు 40 శాతం పని అవ్వాలి, దాని విలువ కోటీ 60 లక్షలు. నిజంగా అయింది 30 శాతం, అంటే కోటీ 20 లక్షల పని. దానికి మేం పెట్టిన ఖర్చు కోటీ 50 లక్షలు. రూపాయి పెడితే 80 పైసల పని వచ్చింది. ఇదే తీరున సాగితే 4 కోట్ల పని 5 కోట్లకు తేలుతుంది. వేగం సంగతి చూస్తే, నాలుగు పాళ్లు కావాల్సిన చోట మూడు పాళ్లే అయింది కాబట్టి పది నెలల పని పదమూడు దాటుతుంది. పది లక్షలు మిగిలాయని నేను చదివిన కాగితం వెనక కోటి రూపాయల లోటు ఉంది.

ప్రాజెక్టులవాళ్లు ఈ లెక్కను ఎర్న్‌డ్ వాల్యూ అంటారు. పేరు కొత్తగా ఉన్నా, కాస్ట్ అకౌంటింగ్ చదివినవాళ్లకు విషయం తెలిసిందే. తయారైన సరుకుకి ప్రామాణిక వ్యయం ఎంతని కట్టి, దాన్ని అసలు ఖర్చుతో పోల్చడం మనం పరీక్షల్లో ఎన్నిసార్లు చేయలేదు! నాకు తెలియనిది సూత్రం కాదు. ఆ 30 శాతం అన్న అంకె ఎక్కడ దొరుకుతుందో తెలియదు. అది మన అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఉండదు. మేస్త్రి కళ్లలో ఉంటుంది, ఇంజనీరు కొలతలు రాసే ఎం-బుక్కులో ఉంటుంది. నా కుర్చీలోంచి లేచి వెళ్లి అడిగితే తప్ప నా దగ్గరికి రాదు.

ఫైనాన్స్ నుంచి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కి మారాలనుకునేవాళ్లు నన్నడిగితే ముందుగా ఈ సంగతే చెబుతాను. లెక్కల్లో మనకి లోటేమీ లేదు. పుస్తకాల్లో ఇంకా ఎక్కని అంకెను, మనకి జవాబు చెప్పాల్సిన అవసరం లేని మనుషుల దగ్గరికి నడిచి వెళ్లి తెచ్చుకోవడమే మనం కొత్తగా నేర్చుకోవాలి.

అయితే ముందు ఒక చిక్కుముడి విప్పాలి. 'ప్రాజెక్టు' అనే ఒక్క మాట కింద మా వైపు నాలుగు వేరువేరు ఉద్యోగాలు తిరుగుతున్నాయి. ఒకటనుకుని ఇంకోదానికి ఫీజు కట్టినవాళ్లను చూశాను.

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా బీకాం చదివి ఆడిటర్ ఆఫీసులో చేరినవాడికి ప్రాజెక్టు అనగానే బ్యాంకు లోనుకి తయారుచేసే ప్రాజెక్టు రిపోర్టే గుర్తొస్తుంది. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కో, కోవూరులో రైస్ మిల్లుకో ఐదేళ్ల అంచనాలు వేసి, వాయిదాలు కట్టడానికి ఆదాయం సరిపోతుందని చూపించాలి. ఆ పని చేసేవాడు తాను ప్రాజెక్టుల్లో ఉన్నట్టే అనుకుంటాడు. కానీ దాని ప్రశ్న వేరు. ఈ యూనిట్‌కి అప్పు ఇవ్వొచ్చా లేదా అన్నంతవరకే. లోను శాంక్షన్ అయిన రోజుతో ఆ ఫైలు మూతపడుతుంది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సరిగ్గా ఆ మర్నాడు మొదలవుతుంది. ప్రాజెక్ట్ ఫైనాన్స్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పేర్లు పక్కపక్కన వినిపించినా పనులు రెండు.

రెండోది సైటు మీద ప్రాజెక్ట్ మేనేజరు. కృష్ణపట్నం, రామాయపట్నం లాంటి ఓడరేవు పనుల్లో ఈ కుర్చీ సివిల్ లేదా మెకానికల్ ఇంజనీరుది. ఎంబీఏ ఫైనాన్స్ చేసినవాడు నేరుగా అందులో కూర్చోలేడు, కూర్చోకూడదు కూడా. కాంక్రీటు నాణ్యత తెలియనివాడు దానికి బాధ్యత తీసుకోవడం ప్రమాదం. కానీ ఆ కుర్చీ పక్కనే ఇంకో బల్ల ఉంటుంది. ఖర్చు అదుపు, కాంట్రాక్టర్ల బిల్లులు, షెడ్యూలు, మార్పుల లెక్క చూసే బల్ల. పెద్ద కంపెనీలు దాన్ని ప్రాజెక్ట్ కంట్రోల్స్ అంటాయి. అకౌంట్స్ వాళ్లకి అన్నిటికన్నా దగ్గరి తలుపు ఇదేనని నా నమ్మకం. ఉద్యోగ ప్రకటనల్లో ఆ పేరుతో వెతికేవాళ్లు మా వైపు చాలా తక్కువ.

మూడోది ఐటీ ప్రాజెక్ట్ మేనేజరు. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ దారి. నాలుగోది, కంపెనీల్లో కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త పద్ధతి తెచ్చిపెట్టే పని. ట్యాలీ నుంచి, కంపెనీ పనులన్నిటినీ ఒకేచోట నడిపే పెద్ద సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీకి మారడం, నాలుగు యూనిట్ల లెక్కలు ఒక చోటికి తేవడం లాంటివి. ఇక్కడ అకౌంట్స్ తెలిసినవాడే రాజు. జీఎస్టీ తప్పు పడితే ఏమవుతుందో ప్రోగ్రామరుకి మనమే చెప్పాలి.

ఈ నాలుగింటిలో ఏది కావాలో తేల్చుకోకుండా కోర్సులో చేరొద్దు. నా సలహా ఒక్కటే. రంగమూ ఉద్యోగమూ రెండూ ఒకేసారి మార్చుకోవద్దు. రొయ్యల కంపెనీ లెక్కలు చూసినవాడు ముందు రొయ్యల కంపెనీ ప్రాజెక్టులోకే వెళ్లాలి. అప్పుడు కనీసం సగం భాష ముందే తెలిసి ఉంటుంది.

ఇక మనం చేతిలో ఏం పట్టుకెళ్తాం? చాలామంది ఎక్సెల్ అంటారు. ఎక్సెల్ ఇంజనీర్లకీ వచ్చు. మన చేతిలో ఉన్నది అంతకన్నా పెద్దది. మా సైటులోనే జరిగింది చెబుతాను. గదుల్ని చల్లబరిచే అమ్మోనియా కంప్రెసర్ల కోసం వేసిన పునాదులని మేస్త్రి భవనం బిల్లులోనే కలిపి రాశాడు. మన స్థలంలో మనం కట్టుకునే భవనం మీద చెల్లించిన జీఎస్టీ క్రెడిట్‌గా, అంటే మనం కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, వెనక్కి రాదు. యంత్రాల మీద చెల్లించింది వస్తుంది. యంత్రాన్ని నిలబెట్టే పునాదిని చట్టం యంత్రంలో భాగంగానే లెక్కిస్తుంది. బిల్లు విడగొట్టి రాయించకపోతే ఆ క్రెడిట్ మొత్తం భవనంతో పాటు పోయేదే. ఇంజనీరుకి ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఏడాది చివర ఆడిటరుకి తెలుస్తుంది, అప్పటికి బిల్లు పాతబడుతుంది. పని నడుస్తున్నప్పుడే సైటులో ఉన్న లెక్కలమనిషి మాత్రమే దాన్ని పట్టుకోగలడు.

తేదీల సంగతీ అంతే. కొత్త యంత్రాన్ని ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే ఆదాయపన్ను లెక్కలో ఆ ఏడాది తరుగుదల (యంత్రం అరుగుదల కింద ఆదాయంలోంచి తగ్గించుకునే మొత్తం) సగమే ఇస్తారు. అక్టోబరు మొదటి వారం దాటిందంటే సగానికి పడినట్టే. మా కోల్డ్ స్టోరేజీ ఫిబ్రవరిలో మొదలవ్వాలి, అంటే ఆ సగమైనా దక్కాలి. మార్చి 31 దాటితే ఆ ఏడాదికి అదీ లేదు. ఈలోపు బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 'ఇంకో రెండు నెలలు పడుతుంది' అని సైటులో ఎవరైనా తేలిగ్గా అన్నప్పుడు ఆ రెండు నెలలకి రూపాయల్లో విలువ కట్టి టేబుల్ మీద పెట్టగలగడం మన బలం. అడ్వాన్సులూ అలాగే. చల్లదనం బయటికి పోకుండా గోడలకి వేసే పఫ్ ప్యానెళ్లకి ఇచ్చిన అడ్వాన్సుని ఖర్చులో కలిపేస్తే పని లేకుండానే ఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది. సైటులో దిగి బిల్లు రాని ఉక్కుని వదిలేస్తే ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది. ఈ రెండు పొరపాట్లూ నేను ఇంజనీర్ల రిపోర్టుల్లో మళ్లీ మళ్లీ చూశాను.

ఇప్పుడు కష్టమైన భాగం. అకౌంట్స్‌లో మనం జరిగిపోయినదాన్ని సరిగ్గా రాస్తాం. పైసా తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుని వెతుకుతాం. ఆ అలవాటుతో ప్రాజెక్టులోకి వెళ్తే మొదటి మూడు నెలలు నరకమే. ఇక్కడ అడిగేది జరగనిదాని గురించి. శ్లాబు ఎప్పుడు పడుతుంది? అక్టోబరు 5 అని చెప్పడానికి మనసొప్పదు, ఎందుకంటే వోచరు లేదు. ఖచ్చితంగా తెలిశాకే చెబుతానని నేను రెండు మీటింగుల్లో నోరు విప్పలేదు. ఆ మౌనం ఎవరికీ పనికిరాలేదు. అక్టోబరు 5 నుంచి 15 లోపు, సెంట్రింగ్ సామాను ఈ శుక్రవారం దిగితే. ఇలా షరతుతో సహా చెప్పాలి. షరతు తప్పితే ఆ రోజే అందరికీ తెలియాలి.

డబ్బుతో కొనలేని రోజులుంటాయని ఒప్పుకోవడం ఇంకా కష్టం. మా నాన్న వరి సాగు చేసేవారు. ట్రాక్టర్లు రెండు పెడితే దుక్కి ఒక్క రోజులో అయిపోతుంది. మనుషుల్ని ఎక్కువ పెడితే నాట్లు రెండు రోజుల్లో అయిపోతాయి. కానీ నారుమడి పోశాక నారు ఎదగడానికి పాతిక రోజులు పడితే పడుతుంది. నారు ఆలస్యంగా పోసి ట్రాక్టర్లు ఎన్ని పెట్టినా నాట్లు ముందుకు జరగవు. ప్రాజెక్టులో ఇలా ఒకటి ఆలస్యమైతే మొత్తం ముగింపే వెనక్కి జరిగే పనుల వరసనే క్రిటికల్ పాత్ అంటారు. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఒక వైపు, పొలారిస్ క్షిపణి తయారీలో అక్కడి నౌకాదళం ఇంకో వైపు ఈ తరహా పద్ధతులు తయారుచేసుకున్నాయి. మా కోల్డ్ స్టోరేజీలో నారుమడి లాంటివి రెండు, కంప్రెసర్లు, ట్రాన్స్‌ఫార్మరు. రెండూ ఆర్డరు పెట్టాక నెలల తరబడి ఆగాల్సినవే. నేను మాత్రం అకౌంట్స్ బుద్ధితో అడ్వాన్సు ఎంత ఆలస్యంగా ఇస్తే అంత వడ్డీ మిగులుతుందని ఆ చెక్కు మూడు వారాలు ఆపాను. మిగిలిన వడ్డీ వేలల్లో. ఆ మూడు వారాలు తర్వాత తిరిగి రాలేదు. ఆ తప్పు నాదే.

వాన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నెల్లూరుకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన రోజులు ఇక్కడి వాళ్లెవరూ మరిచిపోలేదు. ఫైనాన్స్ మనిషి ఆ భయానికి అంచనాలో ఐదు శాతం పక్కన పెడతాడు. ప్రాజెక్టు మనిషి శ్లాబుని దసరాకు ముందుకి జరుపుతాడు. ఐదు శాతం అవసరమే, కానీ దానితో తడిసిన సిమెంటు ఆరదు.

'పూర్తయింది' అన్న మాట దగ్గర మాత్రం అకౌంటెంటు చూపే సరైనదని నాకనిపిస్తుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లావాళ్లకి వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు గురించి ఒకరు చెప్పక్కర్లేదు. 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం వరద నీటిని నల్లమల కొండల కింద నుంచి తెచ్చే రెండు సొరంగాలు, ఒక్కోటి 18 కిలోమీటర్లు దాటి పొడవు. లక్ష్యం 43.5 టీఎంసీలు, ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలు. ఆ రెండు సొరంగాలనీ 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. అప్పటికీ ముంపు గ్రామాల పునరావాసం, ఫీడర్ కాలువ పనులు మిగిలే ఉన్నాయి. సొరంగం తవ్విన ఇంజనీరుకి తన పని పూర్తయింది. మార్కాపురం, యర్రగొండపాలెం వైపు రైతుకి మాత్రం నీళ్లు వచ్చిన రోజే పూర్తయినట్టు. మన పుస్తకాల్లో కూడా అంతే కదా. ఆస్తి వాడకానికి సిద్ధమయ్యేదాకా అది నడుస్తున్న పని కిందే ఉంటుంది, ఎన్ని కోట్లు పోసినా ఆస్తి కింద ఎక్కదు. ఈ ఒక్క అలవాటుని ప్రాజెక్టులోకి వెళ్లాక కూడా వదులుకోవద్దు. ఏ పనికైనా 'ఎవరి వాడకానికి, ఏ స్థితిలో ఇస్తే పూర్తయినట్టు' అని మొదటి రోజే కాగితం మీద రాయించాలి. దాన్నే స్కోప్ అంటారు. గొడవల్లో సగం ఆ కాగితం లేకే వస్తాయి.

సర్టిఫికెట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో 1969లో మొదలైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్‌కి ఇక్కడ విలువ ఉంది. పరీక్షలో 180 ప్రశ్నలు. కానీ డిగ్రీ చదివినవాళ్లు ఆ పరీక్ష రాయాలంటే గత కొన్నేళ్లలో 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపాలి, 35 గంటల శిక్షణ ఉండాలి. మా ఊళ్లో కోచింగ్ పెట్టేవాళ్లు 35 గంటల మాట గట్టిగా చెప్పి 36 నెలల మాట మెల్లగా చెబుతారు. అనుభవం లేనివాళ్లకి అదే సంస్థ సీఏపీఎం అనే మొదటి మెట్టు పరీక్ష పెడుతుంది, 23 గంటల శిక్షణ చాలు. అది తలుపు తెరవదు. తలుపు తెరిచినవాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడటానికి పనికొస్తుంది.

జీతం కొంత తగ్గొచ్చు, మొదటి ఏడాదికి దానికి సిద్ధపడాలి. ఇంట్లో ఒప్పించడం ఇంకో పని. నాకు ఉద్యోగం రావాలని మా అమ్మ రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె పట్టింది. వచ్చాక మరుసటి ఏడాది వెళ్లి ఇంకొకరికి రొట్టె ఇచ్చి వచ్చింది. నేను అకౌంట్స్ వదిలి సైటుకి పోతున్నానంటే, "అంత మొక్కుకుంటే వచ్చిన కుర్చీ కదా అబ్బయ్యా, ఎండలో ఏంది నీకు" అంది. ఆమె భయం అబద్ధం కాదు. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకున్నాకే నేను మారాను. మీకూ అదే చెబుతాను.

36 నెలల అనుభవం అనగానే 'మాకెక్కడిది' అంటారు. ఉంది. నెలనెలా రిటర్నులు వేయడం, జీతాలు చేయడం ప్రాజెక్టు కాదు, ఎందుకంటే అది ఆగేది కాదు. మొదలు, చివర ఉండి, ముందెన్నడూ చేయని పని అయితే అది ప్రాజెక్టు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు పాత స్టాకు మీద పన్ను లెక్క తేల్చి, సాఫ్ట్‌వేర్ మార్పించి, డీలర్ల జీఎస్టీ నంబర్లన్నీ సేకరించి, గోడౌన్‌లో కుర్రాళ్లకి కొత్త బిల్లు రాయడం నేర్పించింది ఎవరు? 2023 ఆగస్టులో 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లందరికీ ఈ-ఇన్‌వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం) తప్పనిసరి చేసినప్పుడు గడువులోపు నిలబెట్టింది ఎవరు? ఆ పనికి గడువు ఉంది, బడ్జెట్ ఉంది, మన మాట వినాల్సిన అవసరం లేని మనుషులున్నారు. మనం దానికి ప్రాజెక్టు అని పేరు పెట్టలేదు, అంతే.

కావలి నుంచి ఒక అబ్బాయి ఈ మధ్య రెజ్యూమె పట్టుకుని వచ్చాడు. ఎరువుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఏడేళ్ల అకౌంట్స్. రెండు పేజీలూ రిటర్నులు, రీకన్సిలియేషన్లు, ఆడిట్ సహకారం. మాటల్లో మాటగా, మూడు గోడౌన్లని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చినప్పుడు ఎంత టెన్షన్ పడ్డాడో చెప్పాడు. స్టాకు తేడాలొస్తే ఒంగోలు గోడౌన్ ఇన్‌చార్జి సహకరించలేదట. పది ఆదివారాలు బస్సెక్కి వెళ్లి ఆయన పక్కన కూర్చుని బస్తాలు లెక్కపెట్టాడట. పదకొండు నెలల్లో పాత పుస్తకం మూసేశారు.

"అది రెజ్యూమెలో ఎక్కడుంది?" అన్నాను.

"అది నా డ్యూటీ కాదన్నా, ఓనరు చెప్తే చేశా" అన్నాడు.

పెన్ను తీసుకుని మొదటి పేజీలో పైనున్న నాలుగు లైన్లు కొట్టేశాం. వాటి స్థానంలో మూడు గోడౌన్లు, పదకొండు నెలలు, ఎంతమంది, ఎంత స్టాకు, ఎక్కడ ఆగింది, ఎలా కదిలింది అని రాయడం మొదలుపెట్టాం. ఒంగోలు ఇన్‌చార్జి సంగతి దగ్గరికి వచ్చేసరికి అతను పెన్ను నా చేతిలోంచి తీసుకుని తనే రాశాడు.